క్యారేజీల గంట

ట్రైనింగు పాసైన రెండేళ్లదాకా పుష్పకుమారిని టీచరమ్మా అని పిలిచిన మనిషి లేదు. భీమిలిలో ఇంట్లోనే ఉండి ఇరుగుపొరుగు పిల్లలకు ఎక్కాలు చెప్పేది. దరఖాస్తులు పెట్టేది, ఇంటర్వ్యూలకు వెళ్లేది, తిరిగొచ్చేది. మొదటి ప్రశ్నకే ఆమె గొంతు సన్నబడిపోయేది. అదంతా ట్రైనింగు స్కూలు ప్రిన్సిపాలు పెద్దమ్మగారి చలవ. ప్రాక్టీసు పాఠం రోజున వెనకబెంచీ పిల్లలు ఒక్కొక్కరే జారుకుంటుంటే ఆవిడ అందరి ముందూ అనేసింది: "పాఠం బాగానే చెబుతావమ్మాయ్. వినడానికే క్లాసులో ఎవరూ ఉండరు. పిల్లల్ని కూర్చోబెట్టలేనిది టీచరెలా అవుతుంది?" అప్పటినుంచి ఆ మాట పుష్పకుమారితోనే నిద్ర లేచేది, ఆమెతోనే నిద్రపోయేది.

1971 వానాకాలంలో మేనత్త దయావతి కబురు పెట్టింది. ఆవిడ రాయగడలో నర్సు. "రైల్వేవాళ్లు తెలుగు టీచరు కోసం వెతుకుతున్నారే అమ్మీ. ఎవరూ నిలవడం లేదట. ఎవరూ నిలవని ఉద్యోగమైతేనే గానీ నీదాకా రాదు, బేగి వచ్చీ," అంది. దయావతి ప్రేమ ఎప్పుడూ అలాగే ఉంటుంది.

రాయగడ దాటాక కొండల మధ్య ఒక చిన్న స్టేషను. దాని పేరు నేను చెప్పను. అక్కడ రూలులో లేని పని ఒకటి చాలాకాలం నడిచింది. ఇప్పుడు అడిగేవాళ్లెవరూ లేకపోయినా పేరు చెప్పకపోవడమే మర్యాద. స్టేషను పక్కనే రైల్వే క్వార్టర్లు. వాటిలో ఎక్కువమంది బొబ్బిలి, పార్వతీపురం, చీపురుపల్లి వైపునుంచి వచ్చిన గ్యాంగ్‌మన్లు. పట్టాలు సరిచేయడం, వాటి కింద కంకర ఎగదొయ్యడం వాళ్ల పని. వాళ్ల పిల్లలు ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, సంతలో కొండవాళ్ల దేశియా మాట్లాడతారు. తెలుగు అక్షరాలు మాత్రం ఒక్కరికీ రావు. అది చూడలేక పెద్దలు పట్టుబట్టి ఖాళీగా పడున్న క్వార్టరులో ఒక బడి పెట్టుకున్నారు. ముందు గదిలో బడి, వెనక వంటగదిలో టీచరు కాపురం.

బడి కమిటీకి పెద్ద స్టేషన్ మాస్టరు త్రినాథరావు. ఎంత ఉక్కపోతలోనైనా మెడదాకా గుండీలు పెట్టుకునే మనిషి. చూసీ చూడనట్టు ఉండటంలో ఆయన్ని మించినవాడు ఆ లైనులో లేడు. "దసరా దాకా సూద్దామమ్మా," అన్నాడు పుష్పకుమారితో. "పిల్లలు నిలిస్తే నువ్వూ నిలుస్తావు. నేదంటే సెలవులకి ఊరెల్లినప్పుడు పెట్టె కూడా పట్టుకెల్లిపోదువుగాని." పెద్దమ్మగారు చెప్పిందే మరోలా మళ్లీ విన్నట్టయింది ఆమెకు. ఇక్కడ కూడా పిల్లలు కూర్చోకపోతే ఇక టీచరన్న మాటే మరిచిపోవాలని, భీమిలి వెళ్లి మేనమామ బట్టలకొట్లో తానులు మడతపెట్టుకోవాలని మనసులో నిశ్చయించుకుంది.

మొదటిరోజు పిల్లలు ముచ్చటగా కూర్చున్నారు. పాట పాడారు, ఏనుగు కథ విన్నారు. ఆమె గొంతు కూడా మెల్లమెల్లగా పెరిగింది. ఇంతలో స్టేషనులో వేలాడదీసిన పట్టాముక్కను పోర్టరు ఠంగుఠంగున వాయించాడు. వెనక స్టేషనులో పాసింజరు బయల్దేరిందని దాని అర్థం. అంతే. "బండి! బండి!" అని గదంతా లేచిపోయింది. చేతిలో సుద్దముక్కతో పుష్పకుమారి ఒక్కతే మిగిలింది. బండి వచ్చి, నీళ్లు పట్టుకుని, వెళ్లిపోయాక పిల్లలు రొప్పుకుంటూ వచ్చి ఎక్కడివాళ్లు అక్కడ కూర్చున్నారు.

"ఎక్కడికి వెళ్లారర్రా?" అని అడిగింది.

"బండికండీ," అన్నారు అందరూ, అంతకంటే చెప్పడానికేముందన్నట్టు.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కాలనీలో పుట్టిన కోడిపిల్లకు కూడా తెలిసిన సంగతి గనక, టీచరమ్మకు విడిగా చెప్పాలని ఎవరికీ తోచలేదు. రైలు చూడాలన్న సరదా అనుకుంది ఆమె. రోజూ చూసే రైలు మీద అంత సరదా ఏమిటని ఒక్కసారి ఆలోచించి ఉంటే ఈ కథ ఉండేది కాదు. ఒకరోజు గూడ్సు క్లర్కు గంగరాజు ప్లాట్‌ఫారం మీదనుంచి కేకేసి, "టీచరుగారూ, మీ స్కూలు బండెక్కి ఎల్లిపోతందండీ!" అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు తగలకూడని చోట తగిలింది.

మర్నాడు గంట కొట్టేవేళకు ముందే లేచి తలుపు గడియ వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

గంట మోగింది. పిల్లలు లేచారు, తలుపు చూశారు, ఆమెను చూశారు. గ్యాంగు మేస్త్రీ సన్యాసయ్య కూతురు అప్పమ్మ ముందుకొచ్చింది. "తలుపు తియ్యండి టీచరుగోరండీ. అయ్యకి కూడు ఎల్లాల."

మా అమ్మకి జ్వరం, మా నాన్న రమ్మన్నాడు అనే సాకులు భీమిలిలో ఎన్ని వినలేదు! "కూర్చో," అంది పుష్పకుమారి. ఆ గొంతు తనదేనా అని ఆమే ఆశ్చర్యపోయింది. అప్పమ్మ కూర్చుంది. అందరూ కూర్చున్నారు. బండి వచ్చింది, కూత వేసింది, వెళ్లిపోయింది. ఒక్కరూ కదల్లేదు. ఆమె జన్మలో మొదటిసారి ఒక క్లాసు నిండుగా కూర్చుని ఉంది. సంతోషంగా పాఠం అందుకుంది. అందరి కళ్లలో నీళ్లున్నాయని, ఒక్క పలక మీదా ఒక్క గీతైనా పడలేదని కాస్త ఆలస్యంగా గమనించింది.

అప్పుడే కిటికీ దగ్గరికి సన్యాసయ్య భార్య వరహాలమ్మ వచ్చింది. చేతిలో సత్తు క్యారేజీ. వెనకాల ఇంకా ఆడవాళ్లు, వాళ్ల చేతుల్లోనూ క్యారేజీలే. "పిల్లలకేటైనా జబ్బు సేసిందేటి టీచరమ్మా?" అని అడిగింది ఆందోళనగా. "ఒక్కలూ రానేదు. బండి ఎల్లిపోనాది. మా మగోళ్లు సీకటితో ఇంత సోడంబలి తాగి ఎల్లేరు. ఆ కొండల్లో ఏటి దొరుకుద్దమ్మా?"

అప్పటికి తెలిసింది పుష్పకుమారికి. మగవాళ్లు పొద్దున్నే ట్రాలీ మీద పై లైనుకు వెళ్లిపోతారు. వంటలయ్యేసరికి పాసింజరు వస్తుంది. పిల్లలు ఇళ్లకు పరిగెత్తి, క్యారేజీలు పట్టుకొచ్చి, వెనక గార్డు పెట్టెలో పెడతారు. పై స్టేషనులో పట్టాల కీలు బిగించే కీమ్యాను తాతాజీ వాటిని దింపుకుని, కావిడి కట్టి, పనిచేసేచోటికి మోసుకెళ్తాడు. ఇదేదీ రూలులో లేదు. పెద్దవాళ్లు క్యారేజీలతో ప్లాట్‌ఫారం ఎక్కితే స్టేషన్ మాస్టరు అడగాలి, అడిగితే ఆపాలి. పిల్లలైతే ఆయన చూడడు. గార్డూ చూడడు. చూడకూడదని అందరూ కలిసి ఒప్పుకున్న పని అది.

తన పరువు కోసం ఇంతమందిని పస్తుపెట్టానన్న మాట పుష్పకుమారి గుండెలో గుచ్చుకుంది. తలుపు తీసి, "మళ్లీ బండి ఎప్పుడు?" అని అడిగింది. మధ్యాహ్నం గూడ్సు ఉందన్నారు. "పదండర్రా," అని పిల్లల చేత క్యారేజీలు పట్టించి, తానూ ఒకటి పట్టుకుని, తిన్నగా త్రినాథరావు గదిలోకి వెళ్లింది. చూడకపోవడమనే విద్య ఆమెకింకా అబ్బలేదు కదా, ఉన్నదున్నట్టు మొత్తం చెప్పేసింది.

త్రినాథరావు కంగారుపడ్డాడు. "అమ్మా, ఇది నాకు సెప్పకూడదు. సెప్తే తెలిసిపోద్ది. తెలిస్తే నేను పైకి రాయాలి."

"రాయండి సార్. నా ఉద్యోగం తీసేయండి. అన్నం మాత్రం వెళ్లాలి."

ఆయన కిటికీలోంచి సిగ్నలు వైపు తిరిగాడు. "గూడ్సు ఇంజను నీళ్లు పట్టుకుంటాది," అన్నాడు, ఆ సిగ్నలుతోనే చెబుతున్నట్టు. "అప్పుడు నేను ఈ గదిలోనే ఉంటాను. నేనేటీ సూడను."

సాయంత్రం మగవాళ్లు బండి దిగేవేళకు పుష్పకుమారి ప్లాట్‌ఫారం చివర నిలబడి ఉంది. సన్యాసయ్యకు చేతులు జోడించింది. "తలుపు వేసింది నేనేనండీ. తెలియక చేశాను. మిమ్మల్నందర్నీ ఆకలితో మాడ్చాను."

సన్యాసయ్య భుజం మీది గడ్డపార దించాడు. "బండొచ్చి ఎల్లిందాకా మా గుంటలు కూకునే ఉన్నారా?"

"ఉన్నారు."

"ఒక్కలూ లెగనేదా?"

"లేదండీ."

"ఇన్నారేట్రా!" అని వెనక్కి తిరిగి నవ్వేశాడు సన్యాసయ్య. "ముందొచ్చిన మాస్టర్లిద్దరూ బెత్తాలిరగ్గొట్టినా ఒక్క గుంటడిని ఆపనేకపోయేరు. ఆలీసెమైతే అయింది, కూడు వచ్చింది కదమ్మా. మీరు మాత్రం ఎల్లిపోకండి."

పుష్పకుమారి వంటగదిలోకి వెళ్లి కరువుతీరా ఏడ్చింది. తిట్టవలసినవాళ్లు ఉండిపొమ్మన్నారు. అంత దయకు తానేం చేసిందో ఆమెకు తెలియలేదు. ప్రార్థన చేద్దామని కూర్చుంటే వందనాలు ప్రభువా అన్న మాట తప్ప మరో మాట రాలేదు.

మర్నాటినుంచి బడి తీరు మారిపోయింది. టైంటేబులు రాసి గోడకు అంటించింది. తెలుగు, లెక్కలు, మధ్యలో 'బండి'. గంటకు ముందే పిల్లలు వెళ్లి క్యారేజీలు బడికే తెచ్చుకునేవారు. ఎవరి క్యారేజీ మూత మీద వాళ్లు సుద్దతో నాన్న పేరు రాయాలి. పలక మీద అ ఆలు దిద్దమంటే ఏడ్చిన గుంటలు మూత మీద నాన్న పేరు రాయడానికి మాత్రం సుద్దముక్కల కోసం కొట్టుకునేవారు. ఆ పేరు వానకో చేతి చెమటకో చెరిగిపోయేది గనక మర్నాడు మళ్లీ రాయాలి. వారాలు తిరక్కుండానే అప్పమ్మ నాన్న పేరుతో మొదలుపెట్టి కాలనీలో అందరి పేర్లూ రాసేసింది. సాయంత్రం తిరిగొచ్చే ఖాళీ క్యారేజీల మూతల మీద ఒక్కోసారి బొగ్గుగీతలు కనిపించేవి. ఏదో మరక అనుకుని వరహాలమ్మ తోమేసేది.

దసరా ముందు, ఒక సాయంత్రం బడి వరండాలోనే కమిటీ కూర్చుంది. గంగరాజు మొదలుపెట్టాడు. "క్లాసు మద్దిలో పిల్లల్ని ప్లాట్‌ఫారం మీదికి తోలే బడి ఎక్కడైనా ఉందేటండీ? పద్ధతి తెలిసిన మాస్టరుని తెద్దాం." ఆయన పిల్లలూ ఆ బడిలోనే చదువుతున్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు కూడా.

త్రినాథరావు ఇబ్బందిగా కదిలాడు. "టీచరుగారి మీద నాకు కోపం నేదు. కానీ గోడ మీద 'బండి' అని రాసేరు. గోడ మీద రాసిందాన్ని సూడకుండా ఎలాగండీ నేను? పైవాళ్లెవరైనా వస్తే నా సంగతేటి?"

"చెరిపేస్తాను సార్," అంది పుష్పకుమారి. గొంతు మళ్లీ సన్నబడబోయింది. ఆమె సన్నబడనివ్వలేదు. "కానీ గంట మోగితే పిల్లల్ని పంపుతాను. ఇంకోసారి తలుపు వెయ్యలేను."

వంటగదిలో తన పెట్టె ఎక్కడుందో ఆమెకు గుర్తొచ్చింది. భీమిలిలో బట్టలకొట్టూ గుర్తొచ్చింది.

అంతలో సాయంత్రం బండి దిగి సన్యాసయ్య నేరుగా వరండా దగ్గరికొచ్చాడు. భుజాన కావిడి, రెండువైపులా క్యారేజీలు. ఒక్కొక్కటే దించి కమిటీ ముందు వరసగా పెట్టాడు. ఒక్కటి తప్ప ప్రతి మూత మీదా పొద్దున్న పిల్లలు సుద్దతో రాసిన పేరుంది. దాని కిందే బొగ్గుతో వంకరటింకరగా మళ్లీ అదే పేరు. చివరి క్యారేజీ సన్యాసయ్యదే, బరువుగా ఉంది. దాని మీది పిల్లల రాత తుడిచేసి ఉంది. బొగ్గుతో పెద్దపెద్ద అక్షరాల్లో 'టీచరు' అని మాత్రం ఉంది. లోపల కొండ సీతాఫలాలు.

"ఇదెవరు రాసేరు?" అన్నాడు త్రినాథరావు.

"నేనే బాబూ. కూడు తిన్నాక మా గుంటలెట్టిన గీతల కింద మేమూ ఎట్టుకుంటన్నాం. ఈ టీచరన్న మాట మా అప్పమ్మ నేర్పినాది."

నెలనెలా జీతాల రోజున సన్యాసయ్య బొటనవేలు ఇంకులో ఒత్తుతుంటే సాక్షిగా పక్కన నిలబడేది త్రినాథరావే. ఆయన కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని మూతలన్నీ ఒక్కొక్కటే చదివాడు.

"గంగరాజుగారూ," అన్నాడు. "ఇన్నేళ్ల సర్వీసులో నేను సూడనివి శానా ఉన్నాయి. ఇది మాత్రం సూసేను." ఆ మాట అనేసి లేచి స్టేషనుకు వెళ్లిపోయాడు. గంగరాజు ఒక సీతాఫలం తీసుకున్నాడు. కమిటీ మీటింగు అంతటితో ముగిసింది.

పుష్పకుమారి పళ్లు తీసుకుని, క్యారేజీ గిన్నెలన్నీ శుభ్రంగా కడిగి వరహాలమ్మకు తిరిగిచ్చింది. మూత మాత్రం కడగలేకపోయింది. వరహాలమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. చదవడం రాకపోయినా సంగతి గ్రహించింది. "ఇది మీకాడ ఉంచీండి టీచరమ్మా. మాకు పల్లెం మూస్తే సరిపోద్ది," అంది.

ఆ బడిలో ఆమె పదమూడేళ్లు పనిచేసింది. ఆవిరి ఇంజన్లు పోయి డీజిలువి వచ్చాక బండి అక్కడ నీళ్లకు ఆగడం మానేసింది, క్యారేజీల ప్రయాణమూ ఆగిపోయింది. తర్వాత రాయగడలో ఇల్లు కట్టుకుంది. ఆ మూత మీది బొగ్గురాత ఎప్పుడో చెరిగిపోయింది. మూత మాత్రం ఆమె అన్నం గిన్నె మీద ఉండేది. రోజూ దాన్ని తీసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. తన అన్నానికి వందనాలు చెప్పుకున్నాక, లైను మీద ఉన్నవాళ్లకు కూడు వేళకు అందాలని ఒక మాట కలిపేది. ఆ తర్వాతే ముద్ద ఎత్తేది.