కింద లైటు వెలిగిన పొద్దు

కార్తీకంలో రెండో సోమవారం, పొద్దున ఏడుంపావు. పుంగనూరు పక్కన మా ఊరి పాల సెంటర్లో బజర్ మోగింది. నేను ఆడ క్యాన్లు కడుగుతాను. అరవై దాటినాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, చుట్టు తిప్పి రాయడం నాకు రాదు.

పాలు చల్లబెట్టే ట్యాంకు పక్కన గోడకు ఒక పెట్టె ఉండాది. దాన్ని బిగించిన మదనపల్లె మెకానిక్, నేను అడిగితే, విప్పి చూపించినాడు. లోపల రెండు రిలేలు, ఒకటి వేడికి కాపలా, ఇంకొకటి చలికి. ఒక్కోదాంట్లో చిన్న రేకు కరెంటు బలంతో అతుక్కోని ఉంటాది. అంతా సరిగా ఉన్నంతసేపూ పట్టు వదలదు. హద్దు దాటితే వదిలేస్తుంది, వైరు తెగినా వదిలేస్తుంది. అప్పుడు బజర్ మోగుతుంది. తాను చెడినా తానే చెప్పే వస్తువు, మనుషుల్లో నేను అట్లాంటివాళ్లను తక్కువ చూసినాను.

పాలు వేడెక్కితే పై లైటు, మరీ చల్లబడితే కింద లైటు. వాటి పక్కన మెకానిక్ ఇంగ్లీషులో రాయబోతే, "ఈడ సదివేది ఎవురప్పా, తెలుగులో రాయి" అన్నాను. పైన ఎక్కువ, కింద తక్కువ అని రాసిపోయినాడు.

మా సెంటర్లో ఎప్పుడు మోగినా వేడికే. కరెంటు పోతా వస్తా ఉంటుంది కదా. అందుకని మిషను చూసుకునే ఆపరేటరు లైటు చూడడమే మానేసినాడు. మోగితే బటన్ నొక్కి సద్దు ఆపేది, చలి పెంచేది. ఆ పొద్దూ అదే చేసినాడు.

కార్తీక సోమవారం ఊరంతా ఒక్కపొద్దు. పాలు ఇండ్లల్లోనే నిలుపుకుంటారు. ట్యాంకు అడుగున కొంచెమే ఉండాయి, కలిపే రెక్కకు అందలేదు, కదలక అడుగునే చల్లబడతాండాయి.

"అప్పా, వెలిగింది కింద లైటు," అన్నాను ఆపరేటరుతో.

"ఏదైతే ఏమవ్వా, మోగిందంటే వేడే. నువ్వు పోయి క్యాన్లు సూసుకో."

"తక్కువ అని రాసుండాది. నేను సదివినా. డిగ్రీ సదివినోడివి, నువ్వూ ఒక తూరి సదువు."

పాలు పోయడానికి వచ్చిన పక్కింటి కోడలు నవ్వింది. "అవ్వ పాఠం సెప్తాంది, కూసోని ఇనప్పా."

అతను మూత ఎత్తి కొలత కడ్డీ దించినాడు. అడుగున టక్కుమంది. పాలు పలక కడతాండాయి. అతని మొహం మాడిపోయింది. గడ్డకట్టిన పాలు కుప్పం ట్యాంకరు ఎత్తుకోదు. ఇంతకుముందే ఒకసారి పైవాళ్లతో మాటపడినాడు, ఈ తూరి పని పోతుంది.

"నిలబడితే కరగవు. మిషను ఆపు," అని కోడలి వైపు తిరిగినాను. "ఇప్పుడే పిండినావు గదమ్మా, ఆ వెచ్చటివి పొయ్యి."

ఆమె పోసింది. అతను పొడుగు గరిటెతో అరగంట కలిపినాడు, చొక్కా తడిసేదాకా. కింద లైటు ఆరింది. ట్యాంకరు డ్రైవరు వచ్చి, మూత ఎత్తి చూసి, ఒక గుక్క తాగి, పైపు తగిలించినాడు.

"అవ్వా, కాఫీ తెప్పించేదా?" అన్నాడు ఆపరేటరు.

"నాకూ ఒక్కపొద్దే. రేపు తాపు."

తాపినాడు. అతని పని పోలేదు, ఇప్పుడు బటన్ నొక్కే ముందు లైటు చూస్తాడు. ఆ పొద్దు ఆడ ఉండినది ఆపరేటరు, పక్కింటి కోడలు, ట్యాంకరు డ్రైవరు, నేను; లైటు పక్కన రాసింది సదివింది మాత్రం నేనొక్కదాన్నే.