నాలుగు గంటల టీ

దేశం విడిచి వచ్చి పారమట్టాలో మేము మొదట అద్దెకు దిగిన ఇల్లు రైలు పట్టాల వెనక, ఎర్ర ఇటుకల బిల్డింగులో రెండో అంతస్తు. నాన్న ఒక బ్యాంకులో పాత ప్రోగ్రాములు సరిచేసే పని మీద వచ్చాడు. రెండు వేల సంవత్సరం వచ్చేలోగా కంప్యూటర్లన్నిటిలో తేదీలు దిద్దెయ్యాలని లోకమంతా హడావిడి పడుతున్న రోజులవి. చీకటితో వెళ్ళి చీకటిపడ్డాక వచ్చేవాడు. నేను స్కూలుకి వెళ్ళిపోతే ఇంట్లో అమ్మ ఒక్కతే.

బస్సు దిగి మెట్లెక్కుతుంటేనే అల్లం వాసన వచ్చేది. నాలుగింటికి బాల్కనీలో, బట్టలారేసే స్టాండు పక్కన, రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని టీ తాగేవాళ్ళం. పొద్దుటినుంచి దాచుకున్న మాటలన్నీ అమ్మ అప్పుడు బయటికి తీసేది. మాగ్‌పై పిట్ట పోస్ట్‌మాన్ నెత్తిన తన్నిందని. కింద ఇంటి ఫిజీ ఆంటీ "బాగుందా?" అని తెలుగులో అడిగిందని, వాళ్ళ ముత్తాతలది మనవైపేనట గానీ ఆవిడకు వచ్చిన తెలుగు ఆ ఒక్క ముక్కేనని. టీవీలో వంటావిడ వంకాయ ముక్కలకి ఉప్పు రాసి, కాసేపుంచి, శుభ్రంగా కడిగేసిందని.

"రుచంతా సింకులో పోసింది, మహాతల్లి," అనేది.

అమ్మ తెనాలిలో డిగ్రీ చదివిన మనిషి. ఇంగ్లీషు చదివితే అర్థమయ్యేది, మాట్లాడాలంటే నోరు పెగిలేది కాదు. బ్రెడ్డు కొట్లో కూడా వేలు చూపించి కొనుక్కునేది. రోజు మొత్తంలో ఆవిడ నోరారా మాట్లాడేది ఆ ఒక్క గంటే. ఆ సంగతి నాకు తెలుసు. పదహారేళ్ళ పిల్లకి తెలిసినంత తెలుసు.

నేను పదకొండో క్లాసుకి వచ్చాక అందరి దృష్టీ నా మీద పడింది. తెలుగువాళ్ళు బార్బెక్యూకి కలిస్తే, చికెన్ కాలుతున్నంతసేపూ అంకుల్స్ స్కేలింగ్ గురించే మాట్లాడేవాళ్ళు. కష్టమైన సబ్జెక్టు తీసుకుంటే మార్కులు లెక్కగట్టి పైకి పెంచుతారట. అందుకని నాకిష్టమైన హిస్టరీ పోయింది. అన్నిటికన్నా కష్టమైన ఫోర్ యూనిట్ మ్యాథ్స్ వచ్చింది. దాని క్లాసు స్కూలు తెరవకముందే, పొద్దున్న ఏడింటికి.

అది చాలదన్నట్టు ఒక ఆదివారం న్యూజెర్సీ నుంచి మావయ్య ఫోన్ చేశాడు. అమ్మకి స్వయానా అన్న.

"మార్కులు ఎవడికైనా వస్తాయే. పిల్ల యాక్టివిటీస్ ఏం చేస్తోంది? కాలేజీ వాళ్ళు చూసేది అదీ," అన్నాడట. వాళ్ళమ్మాయి ఈత, వయొలిన్, పేదలకి సూపు పోసే చోట సేవ, అన్నీ చేస్తోందట.

అమ్మకి అన్న మాటంటే వేదం. నాన్న ఆఫీసులో రంగుల్లో ఒక టైమ్‌టేబుల్ ప్రింటు తీసుకొచ్చి, పిజ్జా కొట్టువాళ్ళు ఇచ్చిన అయస్కాంతంతో ఫ్రిజ్‌కి తగిలించాడు. ఒకరోజు డిబేటింగు, ఒకరోజు నెట్‌బాల్, వాటి మధ్య కోచింగులు. బుధవారం సాయంత్రం వృద్ధాశ్రమంలో సేవ. నాలుగు నుంచి అయిదు గడి ప్రతిరోజూ ఏదో ఒక రంగుతో నిండిపోయింది.

"మరి మన టీ?" అన్నాను.

"నాతో కబుర్లాడితే ఎవడు మార్కులేస్తాడే? వెళ్ళు," అని నవ్వింది అమ్మ.

వృద్ధాశ్రమంలో నాకొక ముసలావిడని అప్పగించారు. ఒకప్పుడు పాడి ఆవుల్ని పెంచిన మనిషి. ఒక్కొక్క ఆవునీ పేరుతో చెప్పేది. ఏ ఆవు ఎవరిని తన్నిందో, ఏది వానకి బెదిరేదో. నా పని ఆవిడ పక్కన గంటసేపు కూర్చుని వినడం. ఒళ్ళో కెమిస్ట్రీ నోట్సు పెట్టుకుని తలాడించేదాన్ని. వెళ్ళేటప్పుడు నర్సు సంతకం పెట్టేది.

ఇంటికొచ్చి కునికిపాట్లు పడుతూ అన్నం తింటుంటే అమ్మ అడిగేది.

"ఇవాళేమందే మీ ముసలావిడ?"

"ఏమంటుందమ్మా, ఏదో అంది. రేపు ఫిజిక్స్ టెస్టుంది."

ఒకరోజు నాన్న కూడా ఉండగా అంది: "ఆవిడ దగ్గర గంట కూర్చుంటే సర్టిఫికెట్ ఇస్తారుగా. నేనూ ఒకటి రాసిస్తా, నా దగ్గరా కూర్చోవే."

నాన్న పొలమారేలా నవ్వాడు. నేనూ నవ్వాను. అమ్మ కూడా నవ్వుతూనే కంచాలు తీసింది.

రెండు వేల సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ ఆగలేదు. నాన్న ఆ రోజంతా పడుకుని నిద్రపోయాడు. తర్వాత కొన్నాళ్ళకి ఆ పని అయిపోయి, కాన్‌బెర్రాలో ఇంకోటి దొరికింది. సోమవారం వెళ్తే శుక్రవారం రాత్రికి వచ్చేవాడు. ఇక అమ్మకి పగలే కాదు, సాయంత్రాలూ ఖాళీ అయ్యాయి. ఆరేసిన బట్టలు రెండేసి రోజులు స్టాండు మీదే ఉండేవి. బాల్కనీ కుర్చీల మీద దుమ్ము. నేను వాటి పక్కనుంచే లోపలికి వెళ్ళి పుస్తకం తెరిచేదాన్ని. ఏదో తేడాగా ఉందని అనిపించేది. పరీక్షలయ్యాక చూద్దాం అనుకునేదాన్ని.

యూనివర్సిటీకి అప్లికేషన్ పెట్టే సమయం వచ్చింది. ఆదివారం నాన్న కళ్ళజోడు పెట్టుకుని టేబుల్ ముందు కూర్చున్నాడు. పక్కన నా సర్టిఫికెట్ల ఫైలు. కంప్యూటర్ ఇంజినీరింగ్ అని మొదటి గడిలో రాసి, పేజీలు తిప్పుతూ పోయాడు.

"యాక్టివిటీస్ ఎక్కడ రాయాలే ఇందులో?"

"వెనకుందేమో చూడు నాన్నా."

వెనక లేదు. మళ్ళీ మొదటినుంచి తిప్పాడు. "విడిగా పంపాలేమో. రేపు స్కూల్లో కనుక్కో."

స్కూల్లో పైచదువుల సలహాలు చెప్పే టీచరు నా ఫైలు మొత్తం ఓపికగా చూసింది. ప్రతి కాగితాన్నీ మెచ్చుకుంది. "ఇవన్నీ నీకు మంచివే, లవ్. వాళ్ళకి మాత్రం నీ నంబర్ ఒక్కటే కావాలి," అంది. ఆ నంబర్ మార్కులతో వచ్చేది. అమెరికాలో అడుగుతారట, అది ఆవిడ సినిమాల్లో చూసిందట.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను.

"మా అన్నయ్య అబద్ధం చెప్పడే," అంది.

"అబద్ధం కాదమ్మా. అక్కడి సంగతి చెప్పాడు. మనం ఇక్కడ చేశాం." ఫైలు టేబుల్ మీద పెట్టేశాను. "ఇంక ఇవన్నీ మానేస్తా. నాలుగింటికల్లా ఇంటికొచ్చేస్తా."

అమ్మ మొహంలో ఏదైనా వెలుగుతుందేమోనని చూశాను. ఆవిడ తువ్వాలు మడత పెడుతోంది.

"ఎల్లుండి బుధవారం కదా. ఆ ముసలావిడకి చెప్పావా?"

"స్కూలు వాళ్ళు ఇంకో అమ్మాయిని పంపిస్తారులే."

"అట్లా కాదు. వెళ్ళి చెప్పి రా. నాలుగయ్యేసరికి తలుపు వంకే చూస్తా కూర్చుంటుంది. చెప్తే చూడడం మానేస్తుంది."

బుధవారం వెళ్ళి చెప్పాను. ముసలావిడ "సరేలే" అన్నట్టు చెయ్యి ఊపి, కిటికీ వైపు తిరిగింది.

మర్నాడు నాలుగింటికి మెట్లెక్కుతుంటే అల్లం వాసన లేదు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది, నిద్రపోవడం లేదు. నేనే టీ పెట్టాను. కుర్చీలు తుడిచి పిలిచాను. వచ్చి కూర్చుంది, కప్పు రెండు చేతులతో పట్టుకుని.

"రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదని సాయంత్రం టీ మానేశా," అంది. అయినా ఒక గుక్క తాగింది.

"ఏంటమ్మా విశేషాలు?"

"ఏముంటాయి?"

కింద ఫిజీ ఆంటీ దుప్పట్లు దులుపుతోంది. వీధి చివర జాకరాండా చెట్టు ఇంకా మోడుగానే ఉంది. అది పూసేసరికి పరీక్షలొస్తాయని మా స్కూల్లో అనుకునేవాళ్ళు.

"టైమ్ వేస్ట్ చేసుకోకు. వెళ్ళి చదువుకో," అంది.

రోజూ నాలుగింటికి వచ్చాను. రోజూ టీ పెట్టాను. పరీక్షలైపోయాయి, కోరుకున్న సీటే వచ్చింది. అమ్మ మాటలు మాత్రం మళ్ళీ రాలేదు.

ఇప్పుడు నేను పెళ్ళయ్యి విడిగా రౌస్ హిల్‌లో ఉంటాను. నా కూతురికి నాలుగేళ్ళు. పార్కులో కలిసే ఒక తల్లి, చెస్సు ఇప్పుడే మొదలుపెట్టకపోతే ఆలస్యమైపోతుందని చెప్పింది. నవ్వి ఊరుకున్నాను గానీ, ఆ క్లాసు కాగితం మా ఫ్రిజ్ మీద ఉంది. తీసెయ్యడానికి భయంగా ఉంది. ఉంచడానికీ భయంగానే ఉంది.

నాలుగింటికి అమ్మకి ఫోన్ చేస్తాను. "ఏం లేదే. పిల్లని చూసుకో, పెట్టేస్తున్నా," అంటుంది.

ఇవాళ కార్లో వెనక సీట్లోంచి నా కూతురు ఏదో చెప్పబోయింది. ట్రాఫిక్‌లో ఉన్నాను. "తర్వాత చెబుదువుగాని," అన్నాను. రాత్రి జోకొడుతూ, ఇందాక ఏం చెప్పబోయావని అడిగాను.

"నథింగ్, అమ్మా," అని అటు తిరిగి పడుకుంది.

అది నిద్రపోయి చాలాసేపైంది. నేనింకా దాని గదిలోనే కూర్చుని ఉన్నాను.