ఆఖరి పంక్తి

భువనగిరి గుట్ట కనబడేంత దూరంలో ఉన్న మా ఊళ్లో పెళ్లయినా, దినాలైనా, పీర్ల పండుగైనా పొయ్యి రాజేసేది లాడ్లీ బేగమే. చెయ్యి కమ్మన, నోరు కారం. ఉప్పు తక్కువైందని ఎవరైనా అంటే, "నీ నాలుకను దవాఖానల చూపిచ్చుకో" అనేది. అత్తగారు ఆమెకు నేర్పిన నియమం ఒక్కటే: వండిన మనిషి ఆఖరి పంక్తిలో తినాలి. ఊరంతా చేతులు కడుక్కున్నాకే ఆమె విస్తరి ముందు కూర్చునేది, అడుగంటిన మెతుకులే మిగిలినా సరే.

భర్త మొయినుద్దీన్‌కు ఊరి చివర ఎకరం చెలక, ఒక బావి ఉన్నాయి. వంకాయ, టమాట పండించి మార్కెట్‌కు తీసుకుపోయేవాడు. ఆ చెలక పక్కనే మందుల కంపెనీ వస్తుందని తెలిసిన రోజు నుంచి ఇద్దరికీ నిద్ర లేదు. పక్క మండలంలో అలాంటి కంపెనీ వచ్చాక బోరు నీళ్లకు బర్రెలు కూడా మూతి పెట్టడం లేదు. "బాయి పోతే మనం పోయినట్టే" అని మొయినుద్దీన్ రోజూ అనేవాడు.

ఆ కంపెనీ తక్కువదేం కాదు. ఎన్నికలొస్తే ఈ పార్టీకీ ఆ పార్టీకీ చందాలిచ్చేది అదే. అందుకే కంపెనీ మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగిన నాడు, ఒకరి నీడ ఒకరికి గిట్టని నాయకులు పక్కపక్క కుర్చీల్లో వియ్యంకుల్లా కూర్చున్నారు.

వంట పురమాయించింది సర్పంచ్ గుర్వయ్య. "ఊరోళ్లకు భోజనాలు చెల్లే, జర మంచిగ చెయ్" అన్నాడు తప్ప ఎవరి ఖర్చో చెప్పలేదు. టెంటుకు కంపెనీ బ్యానర్ కట్టాకే ఆమెకు సంగతి అర్థమైంది. అప్పటికే డేక్చాలో ఎసరు మరుగుతోంది. ఒప్పుకున్న వంట మధ్యలో వదిలేయడం ఆమె వల్ల కాలేదు.

"యాడనైనా మాట్లాడినంక తింటరు. గీళ్లేంది, తిన్నంక మాట్లాడమంటున్నరు?" అని గరిటెతో డేక్చాను ఒక్కటి కొట్టింది.

అందరం కమ్మగా తిన్నాం. అప్పుడు పెద్ద అధికారి మైకు అందుకుని, "అభ్యంతరాలు ఉన్నవాళ్లు చెప్పండి" అన్నాడు. ఒక్కరూ లేవలేదు. మొన్నటిదాకా చాయ్ హోటల్లో "పాణమిస్త గని కంపెనీని రానియ్య" అని తొడగొట్టిన భిక్షపతి తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు. పక్కవాడు మోచేత్తో పొడిస్తే, "ఇప్పుడే తింటిమి గదరా. తిన్నింటి వాసాలు లెక్కవెడుతమా?" అని గొణిగాడు. మా ఊరి గుణం తెలిసే కంపెనీ ముందుగా విస్తళ్లు వేయించింది. అధికారి లేవబోతున్నాడు.

చీరకు మసి, చేతిలో గరిటె. అలాగే నడిచి మైకు దగ్గరికి వచ్చింది లాడ్లీ బేగం. గుర్వయ్య అడ్డం వచ్చాడు.

"చెల్లే, కంపెనీ అన్నం వండి కంపెనీ మీదనే మాట్లాడుతవా?"

"వండిన గని తినలే అన్నా. పొద్దుగాల్నుంచి నా నోట్ల మెతుకు వడలే."

గుర్వయ్య పక్కకు జరిగాడు. ఆమె అధికారి వైపు తిరిగింది.

"సార్, బియ్యం కంపెనీయి, మాంసం కంపెనీది, ఉప్పు గూడ కంపెనీదే. నీళ్లు మాత్రం మా బాయియి. గా నీళ్లతోనే వండిన. మీరు తాగిన చాయ్ గూడ గా నీళ్లే. కంపెనీ వస్తే గవి ఖరాబైతయి, మా బతుకు ఆగమైతది. మాకొద్దు సార్. రాసుకోండ్రి."

అధికారి కలం తీసేదాకా అక్కడే నిలబడింది. మైకు వదల్లేదు.

భిక్షపతి చటుక్కున లేచాడు. "అవ్ సార్! ఉప్పు వాళ్లదైనా నీళ్లు మనయే! మాకొద్దు!" అంతే, టెంటు టెంటంతా లేచింది. నాయకులు ఫోన్లు చెవికి పెట్టుకుని ఒక్కొక్కరే కార్ల దారి పట్టారు.

వానలు వెనకబట్టాక, కంపెనీకి అనుమతి రాలేదని కబురొచ్చింది. మొయినుద్దీన్ బావి గట్టు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లాడ్లీ చాలా కాలానికి కంటినిండా నిద్రపోయింది. ఊరి గుండె మీది బండ దిగినట్టయింది.

తలా ఇంత బియ్యం వేసుకుని దావత్ చేసుకున్నాం. వండింది ఎవరో చెప్పాలా? భిక్షపతి ఆమెకే ముందు విస్తరి వేశాడు. "ఇయ్యాల మొదటి పంక్తి నీదే లాడ్లక్కా, కూసో."

"పోరా! నేను ముందుగాల తింటే, రేపు మళ్ల పని వడ్తే మాట్లాడేటోళ్లెవ్వరు?" అని ఆమె అతన్నే ఆ విస్తరి ముందు కూర్చోబెట్టి, అన్నం వడ్డించింది.