అందరి వెనక ఎర్రయ్య

ఎర్రయ్య ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగమంతా ఇనుప రేకులు సాపు చేస్తూ గడిపాడు. సుత్తి దెబ్బల మధ్య బతికిన చెవులు రిటైరయ్యేనాటికి సగానికి పైగా పోయాయి. ఎదురుగా ఉండి మాట్లాడితే పెదాలు చూసి అందుకుంటాడు. వెనకనుంచి వచ్చే మాట మాత్రం అతనికి లేనట్టే. ఈ సంగతి ఎవరికీ చెప్పడు.

భార్య గంగాభవాని పోయింది. క్వార్టర్ ఖాళీ చేసి ఊళ్లోనే మలంచా అనే పేటలో ఒక గదికి మారాడు. ఇంటివాళ్లు బెంగాలీలు, మంచివాళ్లు, కానీ పలకరింపు దాటి మాట సాగదు. ఒకప్పుడు వర్క్‌షాపు ఆటల పోటీల్లో పరుగెత్తినవాడు కాబట్టి, తెల్లవారగానే సైకిలు మీద కాలేజీ పక్కనున్న ప్రేమ్ బజార్ వెళ్లి అక్కడి రోడ్ల మీద పరుగెత్తేవాడు. టీ కొట్టు దగ్గర పరిచయమైన తెలుగు విద్యార్థులు, నిఖిలేష్, ఆమని, మరికొందరు, తమతో కలిసి పరుగెత్తడానికి రమ్మన్నారు. పరుగయ్యాక బెంచీల మీద ఎదురెదురుగా కూర్చుని తాగే టీ కోసమే అతను వెళ్లేవాడు. రోజంతటిలో అతను తెలుగు మాట్లాడేది అక్కడే.

వాళ్ల పద్ధతులు అతనికి నచ్చాయి. బళ్లకు ఎదురుగా, రోడ్డు అంచున, ఒకరి వెనక ఒకరు. చెవుల్లో పాటలు పెట్టుకోకూడదు. ఎవరినైనా దాటాలంటే ముందు మాట చెప్పాలి. ఈ చివరిది ఎర్రయ్యకు పట్టుబడలేదు. వర్క్‌షాపు మోతలో పిలిచినా ఎవరికీ వినపడదు. పైగా సుత్తి పట్టుకున్నవాణ్ణి వెనకనుంచి కదిలించడం తప్పు. చుట్టూ తిరిగి ముందుకొచ్చి, చెయ్యెత్తి, కనబడ్డాకే మాట. రోడ్డు మీదా అదే చేశాడు.

ఒక మంచు పొద్దున ఆమనిని చప్పుడు లేకుండా దాటి, వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు. ఆ పిల్ల బెదిరి రోడ్డు మీదకు తూలి పడింది. ఎదురొస్తున్న ఆటో గట్టిగా బ్రేకు వేసి ఆగింది. మోకాలు గీరుకోవడంతో పోయింది.

టీ దగ్గర ఆమనే నెమ్మదిగా అడిగింది. "అంకుల్, దాటేముందు ఒక్క మాట అనొచ్చు కదా?"

"మా షాపులో ఎనకనుంచి పిలవడం తప్పమ్మా. బెదిరిపోతావని ముందుకొచ్చినాను."

"బెదరకూడదని బెదరగొట్టారన్నమాట," అన్నాడు నిఖిలేష్. అందరూ నవ్వారు. ఎర్రయ్యా నవ్వాడు.

మర్నాడు పిలిచి చూశాడు. తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలియలేదు, ముందున్న ఇద్దరూ అదిరిపడి ఆగిపోయారు. ఆ పై రోజు అందరికన్నా ముందు పరుగెత్తాడు. వెనకవాళ్ల పిలుపు వినపడక దారి ఇవ్వలేదు. నిఖిలేష్ అతన్ని తప్పించుకోవడానికి రోడ్డు మధ్యకు దిగాల్సి వచ్చింది. చెవుల మాట చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే, ఇంక రావద్దులే అంకుల్ అంటారేమోనని మింగేశాడు.

అప్పటినుంచి అడుగు కుదించుకున్నాడు. కాళ్లలో బలం ఉన్నా, ఎవరినీ దాటే పని పడనంత వెనక ఉండిపోయాడు. అతను టీ కొట్టు చేరేసరికి పిల్లలు క్లాసులకు లేస్తున్నారు.

"ఏంటంకుల్, స్పీడు తగ్గిపోయింది?" అన్నాడు నిఖిలేష్, బ్యాగు తగిలించుకుంటూ.

"మోకాళ్లు బాబూ. మీరు ఎల్లండి, నా కోసం ఆగొద్దు."

వాళ్లు ఆగలేదు. కొట్టాయన అడగకుండానే టీ పోసి ఇచ్చాడు. ఎర్రయ్య బెంచీ చివర కూర్చుని, చల్లారేదాకా కప్పు పట్టుకుని, తాగాడు.