వెనక అట్ట

నిన్న సాయంత్రం మా పెద్దమ్మాయి పెట్టె అడుగు నుంచి తీసిన పాత పిల్లల పత్రికను ఒళ్లో పెట్టుకుని, ఒక్కో అక్షరం మీద వేలు ఆనించి చదువుతూ, "ఈ ఆట వల్ల" అన్న చోట ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, దాని వేలు ఇంకా చేరని మిగతా వాక్యమంతా నాకు ముందే వినిపించి, బియ్యం చెరుగుతున్న చేయి చేట మీద అలాగే నిలిచిపోయింది. అది తొందరేమీ లేకుండా కూడబలుక్కుని, "పిల్లల కళ్లకు ఎటువంటి హానీ లేదు" అని ముగించి, వ్యాసం కింద ఉన్న పేరు కూడా చదివింది. ఆ పేరు నాదే.

మా సిరొంచ మహారాష్ట్రలో ఉంది, బడిలో పిల్లలు మరాఠీలో చదువుతున్నారు. తెలుగు అక్షరం ఎక్కడ మరిచిపోతారోనన్న భయంతో, పెళ్లినాడు తెచ్చుకున్న ట్రంకు పెట్టెలోంచి పాత పత్రికలు తీసి రోజూ కాసేపు చదివిస్తుంటాను. ఏ సంచికలో ఏముందో చూసుకోలేదు. మామూలు రోజుల్లో అయితే నవ్వి ఊరుకునేదాన్నే. కానీ బస్టాండు పక్క గదిలో వీడియో సినిమాలు వేసే ఆయన నెల కిందట ఒక టీవీ ఆట తెచ్చిపెట్టాడు. ఐదేళ్ల మా చిన్నోడు వరసగా నాలుగు రోజులు అక్కతో వెళ్లివచ్చి, ఐదో రోజు కళ్లు ఎర్రగా చేసుకుని, గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్తే గానీ అంకెలు కనబడటం లేదన్నాడు. ఆ రోజుతో ఆట బందు అన్నాను, కళ్లు పాడవుతాయన్నాను. ఇప్పుడు పెద్దది ఆ పేజీ మీదే వేలు పెట్టి నా మొహంలోకి చూసింది.

"పుస్తకంల ఏం కాదని నువ్వే రాసినవ్. ఇంట్లనేమో కండ్లు పోతయంటవ్. ఏది నిజం అమ్మా?"

అన్నం తినండి, పొద్దున చెప్తానన్నాను. వాళ్లు పడుకున్నారు, నేను పడుకోలేక ఇది రాస్తున్నాను. అచ్చులో ఉన్నదంతా నిజమని నమ్మి పెరిగిన నా ఈడు వాళ్లకు నా ఇబ్బంది అర్థమవుతుందని ఒక ఆశ.

డిగ్రీ అయిన ఏడాది, పదేళ్ల కిందట, ప్రాణహిత నది దాటి, చెన్నూరు మీదుగా మంచిర్యాల చేరి, రైలెక్కి హైదరాబాదులో మా పిన్ని ఇంటికి వెళ్లి, ఒక పిల్లల మాసపత్రికలో చేరాను. మేడ మీద రెండు గదులు, జిగురు వాసన, కిటికీలోంచి రోడ్డు మీది పండ్ల బండ్లు. మా సంపాదకుడు పెద్దవారు, నన్ను పేరుపెట్టి పిలవక "అమ్మా" అనేవారు. కొత్త ఆటవస్తువుల గురించి ప్రతి నెలా ఒక పేజీ రాసే పని నాకిచ్చారు. చెక్క బొమ్మలు, తాళం చెవి తిప్పితే నడిచే రైళ్లు. ఏది వచ్చినా ముందు నేను ఆడి, తర్వాత రాసేదాన్ని. అంత హాయైన ఉద్యోగం ఎవరికుంటుంది!

ఒకనాడు టీవీ ఆటలు అమ్మే కంపెనీ మనిషి నల్లటి డబ్బా ఒకటి, దానితోపాటు ఏం రాయాలో టైపు చేసిన కాగితం ఒకటి తెచ్చాడు. మా ఆఫీసులో టీవీ లేదు. కింద ఇంటివాళ్ల టీవీకి తగిలించి, కిటికీ తెరలు దించి, నన్ను కూర్చోబెట్టారు. నల్లని తెర, అటొక గీత, ఇటొక గీత, మధ్యలో తెల్లని చుక్క ఒకటి చప్పుడు చేస్తూ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. చూస్తూ చూస్తూ నేను హైదరాబాదులో లేను. చిన్నపిల్లనై, మా అమ్మ పుట్టినూరు రేగుంట నుంచి వచ్చి, చీకటి పడ్డాక రేవు ఒడ్డున అమ్మ కొంగు పట్టుకుని నిలబడి ఉన్నాను. నీళ్లు కనబడటం లేదు, అవతలి ఒడ్డు కనబడటం లేదు, పడవవాడి లాంతరు ఒక్కటే తెల్లటి చుక్కలాగా మెల్లగా మా వైపు వస్తోంది. అది చేరేదాకా ఎవరూ మాట్లాడేవారు కాదు. అదే ధ్యాసలో ఎంతసేపు ఆడానో తెలియదు గానీ, లేచేసరికి కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, కణతలు పోటు పెడుతున్నాయి, గోడ వైపు చూసినా ఆ చుక్క అక్కడే ఎగురుతోంది.

ఆ లాంతరు మాటా రాశాను, కళ్ల నీళ్ల మాటా రాశాను. సంపాదకుడు మొదటిదాన్ని మెచ్చుకుని, రెండోదాని మీద మెల్లగా గీత పెట్టి, టైపు కాగితంలోని వాక్యాన్ని ఆ చోట ఉంచమన్నారు. ఆ నెల నుంచి ఏడాదిపాటు వెనక అట్ట మీది ప్రకటన ఆ కంపెనీది. "వెనక అట్ట ఉంటేనే లోపల కథలు ఉంటాయమ్మా" అన్నారు, అదీ నా మొహం చూడకుండా. ఆయన చెడ్డవారు కారు. ఆ కథల కోసమే పత్రిక నడిపిన మనిషి. నేను అలాగే తిరగరాశాను. సంచిక వచ్చాక ఆ నల్ల డబ్బాను కంపెనీ మనిషి నాకే ఇచ్చేశాడు. పిన్ని పిల్లలు ఎగిరి గంతేశారు, పిన్ని వాడకట్టంతా చెప్పుకుంది, నేనూ పొంగిపోయాను. కళ్ల సంగతి పిన్నికి కూడా చెప్పలేదు.

రెండు నెలలకు సిరొంచ ముద్రతో కార్డు వచ్చింది. ఒక దర్జీ ఎవరిచేతనో రాయించాడు: తమ్ముడు గల్ఫు నుంచి సెలవు మీద వస్తూ మా అబ్బాయికి అట్లాంటి ఆట తెస్తానంటున్నాడు, తట్టు పోసినప్పటి నుంచి వాడికి చూపు తక్కువ, ఏం కాదని మీరు రాశారు, నిజమేనా అని. ఊరి పేరు చూడగానే మనసు లాగింది. అయినా పాఠకుల ఉత్తరాల పేజీలో, నా చేత్తోనే, ఎటువంటి సందేహమూ అక్కర్లేదని జవాబు రాశాను. కార్డును పెట్టెలో దాచుకున్నాను. ఎందుకు దాచానో ఇప్పటికీ చెప్పలేను.

పెళ్లయి మళ్లీ మా ఊరికే వచ్చాను. పెద్దదాన్ని బడిలో వేసేటప్పుడు దాని గౌను కుట్టించడానికి వెళ్తే, బట్టల సేటు దుకాణం అరుగు మీద మిషను వేసుకుని కూర్చున్న దర్జీ చాచాయే ఆ కార్డు మనిషని మాటల్లో తెలిసింది. అబ్బాయి ఎట్లా ఉన్నాడంటే, అద్దాలు పెట్టుకుని అహేరిలో చదువుతున్నాడన్నాడు. ఆ రాసింది నేనేనని చెప్పేశాను. ఆయన మిషను ఆపి, నవ్వి, లోపలున్న సేటుకు వినబడకుండా గొంతు తగ్గించాడు.

"బిడ్డా, నేను యాడ కూసున్న? సేటు అరుగు మీద. ఈ బట్ట ఉతికితే ముడుసుకపోతదా చాచా అని ఎవలన్న అడిగితే, అవునంటే రేపు నా మిషను బజార్ల ఉంటది, కాదంటే అబద్ధమైతది. అందుకే ఒక రాత్రి నీళ్లల్ల నానబెట్టి తీస్కరా, అప్పుడు కొలతలు తీస్కుంట అంట. తెలిసేటోళ్లకు తెలుస్తది."

ఇంకాస్త ముందుకు వంగాడు. "నీ పుస్తకం దొరకంగనే ఎన్క అట్ట చూసిన. కంపెనీ బొమ్మ ఉన్నది. ఈ బిడ్డ సుత ఎవలిదో అరుగు మీదనే కూసున్నది అనుకున్న. నానబెట్టుమన్న మాట యాడన్న ఉన్నదా అని రెండుసార్లు సదివిచ్చుకున్న. దొరకలే. జర పరేషానై కార్డు రాయించిన. జవాబుల సుత లేకపాయె."

మరి ఆట తెప్పించారా అన్నాను. వద్దన్నానని, మణికట్టు తిప్పి, బదులుగా తమ్ముడు తెచ్చిన గల్ఫు గడియారం చూపించాడు. మా అమ్మాయి గౌనుకు కుచ్చులు ఎక్కువ పెట్టి, పెరిగే పిల్ల అని లోపల మడత వదిలాడు.

చదువుకున్నదాన్ని నేను, అరుగు మీది మనిషికి తెలిసిన మర్యాద నాకు తెలియలేదు. ఒక్క వాక్యం, గంటకు మించి ఆడకండని ఒక్క వాక్యం రాసి ఉంటే సంపాదకుడు కొట్టేసేవారు కాదేమో. పైగా ఆ లాంతరు అంత అందంగా వచ్చింది కాబట్టే పక్కనున్న అబద్ధం కూడా వెలిగింది. ఇప్పుడు వచ్చే పత్రికల్లో మెచ్చుకునే వ్యాసమూ ప్రకటనా ఎదురెదురు పేజీల్లోనే ఉంటున్నాయి, రంగుల్లో, ఒకే బొమ్మతో. ఎవరూ సిగ్గుపడటం లేదు. రేవులో లాంతరు కోసం ఎదురుచూసే పిల్లలూ తగ్గారు. చీకట్లో తెల్లటి చుక్క అంటే మా వాళ్లకు బస్టాండు పక్క గదే. ఆ చుక్కను నమ్మమని మొదట పిల్లలకు చెప్పింది నేనే కదా అనిపిస్తుంది.

ఇది పొద్దున చేర్చిన ముక్క. చాయి తాగుతున్న ఇద్దరి ముందూ ఆ పత్రికను బోర్లా పెట్టి, దాని మీద దర్జీ చాచా కార్డు పెట్టి, చెప్పాను.

"ఆ ఆట ఆడితే నా కండ్లల్ల నీళ్లు కారినయి. నాకు ఎరుకే. ఎరుకుండి ఏం కాదని రాసిన, ఈ చాచా అడిగితే సుత గట్లనే రాసిన. ఇంట్ల చెప్పిందే నిజం. ఇగ ఏ పుస్తకం సదివినా ముందుగాల ఎన్క అట్ట చూడుండ్రి. కింద అమ్మ పేరున్నా సరే."