తాగని దొప్ప

లారీ డ్రైవరు ఆకు దొప్పను పెదవుల దాకా తెచ్చి, తాగకుండా నేల మీద పెట్టాడు. ఒరిగిపోకుండా దానికి ఒక చిన్న రాయి కూడా ఆనించాడు. దొప్పలో ఇప్పసారా ఉంది. అందులో సగం తాగి అతని చేతికిచ్చిన రైతు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. విరిగి వంకరగా అతికిన కాలు ముందుకు చాపుకున్నాడు. ఆ కాలు విరిగింది ఈ డ్రైవరు లారీ కిందే. గొల్లపల్లి పెద్దలు చుట్టూ కూర్చుని ఉన్నారు.

"ఏందల్లుడా, పురుగు పడ్డదా?" అన్నాడు రైతు.

"లేదు మామా. తాగితే నాకు లైసెన్సు రాదు."

ఇది బస్తరు సంస్థానంగా ఉన్న రోజుల మాట. నేను పత్రికలో చేరకముందు కుంట తాసీలు కచేరీలో గుమస్తాను. తాసీల్దారుకు హిందీ తప్ప మరో భాష రాదు. ఊళ్లలో అక్కడి గిరిజనుల దొర్లి భాష, తెలుగు నడిచేవి. ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పడం నా పని. ఆ రోజు గొల్లపల్లి పంచాయితీకి నన్ను పంపింది కూడా అందుకే.

ఆ అడవి ప్రాంతానికంతా ఉన్నది ఒకే లారీ. ఒక కంట్రాక్టరుది. టేకు దుంగలను శబరి ఒడ్డున దించి, తిరిగి వచ్చేటప్పుడు ఉప్పు బస్తాలను, ఎండుచేపలను, సంత నుంచి మళ్లే జనాన్ని ఎక్కించుకొచ్చేది. డ్రైవరు శబరి అవతలి తెలుగువాడు. ఊళ్లన్నీ అతన్ని అల్లుడనో బావ అనో పిలిచేవి. లారీ ఆగిన ప్రతిచోటా ఎవరో ఒకరు దొప్ప అందించేవారు. ఆగినవాడికి పోయకపోతే ఊరికి తప్పు, పోసింది తాగకపోతే ఆగినవాడికి తప్పు. అందుచేత అతను దారి పొడుగునా తాగేవాడు. దాన్ని మత్తు అని ఎవరూ అనేవారు కాదు. మర్యాద అనేవారు.

ప్రమాదం జరిగిన రోజు దారిలో ఒక పెళ్లి ఉంది. అక్కడ మర్యాద ఎక్కువైంది. గొల్లపల్లి దగ్గర వాగులోకి దిగే ఏటవాలులో బ్రేకు వేయవలసిన చోట అతను వేయలేదు. లారీ పక్కకు ఒరిగింది. ఉప్పు బస్తాల మీద కూర్చున్నవాళ్లలో చాలామంది ఇసుకలో పడి దెబ్బలతో బయటపడ్డారు. ఈ రైతు కాలు మాత్రం లారీ అంచు కింద నలిగింది. జనం పరుగెత్తుకొచ్చేసరికి డ్రైవరు స్టీరింగు పట్టుకుని నవ్వుతున్నాడట. రైతు భార్య కాలు సంగతి కంటే ఆ నవ్వు సంగతే ఎక్కువగా చెప్పేది.

తాసీల్దారు లైసెన్సు లాగేసుకున్నాడు. ఇక జన్మలో ఇవ్వనన్నాడు. ఏటా వానలకు వాగులు పొంగేలోగా లోపలి ఊళ్లకు ఉప్పు చేర్చాలని, జన్మంతా ఇవ్వనంటే ఎలాగని కంట్రాక్టరు వచ్చి మొర పెట్టుకున్నాడు. ఆ దారి తెలిసిన డ్రైవరు మరొకడు లేడన్నది నిజమే. తాసీల్దారు కొంత మెత్తబడి హుకుం మార్చాడు. ఏడాదిపాటు చుక్క ముట్టకుండా ఉండాలి. ఆ తర్వాతైనా సరే, ఒక్కసారి ముట్టినా లైసెన్సు శాశ్వతంగా పోతుంది. ఏడాది నిలబడితే, దెబ్బ తిన్నవాడు అభ్యంతరం లేదంటే, తిరిగి ఇస్తాడు. న్యాయంగానే ఉందని నాకు అనిపించింది. హిందీలోంచి తెలుగులోకి మార్చి డ్రైవరుకు చెప్పాను. అతను ఒప్పుకున్నాడు. ఆ రోజు నుంచి తాగలేదు.

ఊరికి వేరే హుకుం ఉంది. ఒకరి వల్ల ఒకరికి హాని జరిగితే, చేసినవాడు మేకను, బియ్యాన్ని, సారాను తేవాలి. తిండి అయ్యాక ఇద్దరూ ఒకే దొప్పలో తాగాలి. తాగితే ఆ తగవు అక్కడితో సరి. తర్వాత ఎవరూ దాన్ని ఎత్తకూడదు, కాలు పోగొట్టుకున్నవాడు కూడా. డ్రైవరు అన్నీ తెచ్చాడు. సారా కుండ కూడా తనే మోసుకొచ్చాడు. తెస్తే చాలనుకున్నాడో, ఆ సమయానికి ఏదో దారి దొరుకుతుందనుకున్నాడో నాకు తెలియదు.

"జావ పోయండి మామా, రెండు దొప్పలు తాగుత," అన్నాడు.

కొందరు నవ్వారు. ఊరి పెద్ద నవ్వలేదు. "జావ తాగనీకి తగవు ఎందుకు? పొద్దున లేస్తే అందరం తాగేదే గదా."

"మా తమ్ముడు వచ్చిండు. నా బదులు వాడు తాగుతడు."

"బండి నువ్వు బోల్తా కొట్టిస్తివి, సారా నీ తమ్ముడు తాగుతడా? మంచిగుంది. మరి కాలు మామది ఎందుకు విరిగె, వాళ్ల తమ్మునిది విరగకపాయె!"

రైతు భార్య గుమ్మంలో నిలబడి వింటోంది. "ఆనాడు ఊరూరా తాగినవు," అంది. "మా ఇంట్లనే చేదయిందా?"

"ఆనాడు తాగినందుకే గదా అత్తా, ఇదంతా."

అప్పుడు రైతు అన్న మాట నేను మరిచిపోలేదు. "తాగి బండి నడపొద్దంటే నేనూ ఒప్పుకుంట. ఇయ్యాల నువ్వు నడిచొచ్చినవు, నడిచే పోతవు. నడిచేటోడు తాగితే ఎవని కాలు విరుగుతది?"

డ్రైవరు నా వైపు చూశాడు. పెద్దల్లో ఒకాయన అది గమనించి, "గుమస్తా బాబూ, నువ్వు కాసేపు ఆ చెట్ల దిక్కు చూడరాదు?" అన్నాడు. అందరూ మళ్లీ నవ్వారు. ఈసారి పెద్ద కూడా నవ్వాడు.

"ఆయన అటు చూస్తే నాకు తెల్వకుండ పోతదా?" అన్నాడు డ్రైవరు. లేచి, రైతు కాళ్లకు దండం పెట్టి, తమ్ముణ్ని తీసుకుని వాగు వైపు నడిచాడు. మేక మాంసం అప్పటికే తినేశారు. దొప్ప అక్కడే ఉంది. అందులో ఉన్నది ఎవరూ తాగలేదు, పారబోయలేదు. సాయంత్రానికి చీమలు పట్టాయి.

కచేరీకి వచ్చి, అతను తాగలేదని చెప్పాను. తాసీల్దారు సంతోషించాడు. గడువు తీరాక రైతును అడగమని నన్నే పంపాడు. అభ్యంతరం ఉందా అని అడిగాను. "తెగని మాట మీద నేనేం చెప్పాలె?" అన్నాడు రైతు. ఉందనలేదు, లేదనలేదు. తగవు సరి కానిదే దాని గురించి కచేరీ ముందు నోరు విప్పడం వాళ్లలో లేదు. ఇదంతా హిందీలో చెప్పడానికి చాలా కష్టపడ్డాను. తాసీల్దారు విని, "ఉందా, లేదా?" అని మాత్రం అడిగాడు. తర్వాత ఆయనకు బదిలీ అయింది. వచ్చినాయన వాయిదా వేశాడు. ఆ వాయిదాల్లోనే సంస్థానం విలీనమైపోయింది.

ఆ ఏడాది కోసమని కంట్రాక్టరు దూరం నుంచి తెచ్చుకున్న డ్రైవరే లారీకి ఖాయమయ్యాడు. అతను ఊరూరా దొప్ప అందుకునేవాడు. ఒకసారి అదే దిగుడులో మడ్‌గార్డు ఊడగొట్టాడు. ఎవరికీ ఏమీ కాలేదు కనుక ఏ హుకుమూ రాలేదు. పాత డ్రైవరు అదే లారీకి దుంగలెత్తే కూలీగా కుదిరాడు. ముందు సీటులో చోటున్నా వెనక నిలబడే వచ్చేవాడు. చనిపోయేదాకా చుక్క ముట్టలేదని వాళ్లవాళ్లు చెప్పారు.

తర్వాత పత్రికలో ఎన్నో రోడ్డు ప్రమాదాల వార్తలు రాశాను, ఇతరులు రాసినవి దిద్దాను. తాగి నడిపినవాడి లైసెన్సు జీవితాంతం రద్దు చేయాలని రాసే పాఠకులు ఎప్పుడూ ఉంటారు. వాళ్లతో నాకు పేచీ లేదు. నలిగిన కాలును చూసినవాడెవడూ రెండో అవకాశం గురించి తేలిగ్గా మాట్లాడడు. అయితే నేను దగ్గర నుంచి చూసినంతలో, జీవితాంతం బండికి దూరమైంది షరతు నిలబెట్టుకున్నవాడు. తాగుతూ నడిపినవాడు నడుపుతూనే ఉన్నాడు. ఈ ఒక్క సంగతి మీద చట్టం చేయమని నేను అనను. దీన్ని వదిలేసి చేయమని కూడా అనలేను.

చాలా ఏళ్లకు పత్రిక పని మీద మళ్లీ ఆ దారిన వెళ్లాను. రైతు, డ్రైవరు ఇద్దరూ లేరు. డ్రైవరు కొడుకు జీపు నడుపుతున్నాడు. వాగు దిగుడు దగ్గర జనాన్ని దించి, ఖాళీ జీపును దించుకుని అవతల మళ్లీ ఎక్కించుకుంటాడు. గొల్లపల్లిలో ఆ రైతు ఇంటివాళ్లు మాత్రం అతని జీపు ఎక్కరు. నడిచిపోతారు. దొప్ప పట్టడానికి తాను సిద్ధమేనని అతను ఊరికి కబురు పంపాడు. తండ్రి తాగనిది కొడుకు తాగితే చెల్లుతుందో లేదో ఊరి పెద్దలు అప్పటికింకా చెప్పలేదు.