లోపలి గడియ

ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ అతడు అల్లుడే. అత్తవారింట స్థిరపడిన కొత్తలో "కోతమిషనమ్మ గారి అల్లుడు" అనేవారు. కాలక్రమాన ముందరి మాటలు రాలిపోయి చివరిదొక్కటే మిగిలింది. పంక్చర్లు వేసేవాడు అదే పిలుస్తాడు, కిరాణా కొట్టాయన అదే పిలుస్తాడు, ఆఖరికి కూతురి స్నేహితురాళ్ళు సైతం గుమ్మంలో నిలబడి "అల్లుడు గారున్నారా?" అని అడుగుతారు.

మిషన్ మామగారిది. పైరును కోసి, నూర్చి, పొట్టు ఎగరగొట్టి, గింజను తొట్టిలో పోసే హార్వెస్టర్. ఒకనాడు సోయా కోస్తూ కోస్తూనే క్యాబిన్‌లో ఆయన గుండె ఆగిపోయింది. క్యాబిన్ తలుపు లోపలి గడియ అప్పటికే విరిగి ఉండడంతో అది బయటి నుంచి మాత్రమే తెరుచుకునేది. ఇంజను మోగుతూనే ఉండగా గట్టు మీద నుంచి పరుగెత్తుకెళ్ళి ఆ తలుపు తెరిచినవాడు ఆయన కొడుకు. ఆ తరువాత అతడు మిషన్ చుట్టూ ఎంత పని చెప్పినా చేశాడు గాని, మెట్టు మీద కాలు మోపలేదు. కర్మకాండలు ముగిసిన మరునాడు అత్తగారు తాళంచెవి తెచ్చి అల్లుడి చేతిలో పెట్టి, ఈ ఒక్క కోతకాలం గట్టెక్కించమన్నారు. అతడు గట్టెక్కించాడు. ఆ ఒక్కటి ఇంకా ముగియలేదు.

జీవుడు దేహంలోనికి తన ఇచ్ఛతో రాడని, తన ఇచ్ఛతో వెలువడలేడని పెద్దలు చెబుతారు. అల్లుడికీ క్యాబిన్‌కూ ఉన్న సంబంధం అటువంటిదే. తెల్లవారి ఎక్కితే ఇంటివారెవరో ఒకరు బయటి నుంచి తలుపు వేస్తారు. వారే మిషన్ వెనక నడుస్తూ నేల మీద రాలిన గింజలు చూసి చేతితో సైగ చేస్తారు. వారే సాలు చివర వచ్చి తలుపు తీస్తారు. ఇంజను మొత్తం విప్పి బిగించగల అతనికి ఆ గడియ మరమ్మతు చేయవలసిన వస్తువుగా ఎన్నడూ తోచలేదు. తీసే చెయ్యి ఎప్పుడూ ఉండేది కనుక.

ఈ ఏడు పట్నంలో నీటి పంపులు బాగుచేసే కార్ఖానాలో అతనికి పని కుదిరింది. అక్కడి మేస్త్రీ స్వయంగా పిలిచాడు. భార్య వెళ్ళి రెండు గదులు చూసి వచ్చింది. వంటింటి కిటికీలోంచి రోడ్డు కనిపిస్తుందని ఆమె అదే పనిగా చెబుతుంటే, రోడ్డులో చూడడానికేముందని అతడు నవ్వేవాడు. లోలోపల అతనికీ ఆ కిటికీ మీదే ధ్యాస. అత్తగారు కాదనలేదు. తన కొడుకు సోయా గింజ పగలకుండా కోసి చూపిన రోజున నిశ్చింతగా వెళ్ళమన్నారు.

తక్కిన పైర్లు లొంగినట్టు సోయా మొరటు చేతికి లొంగదు. కాయలు నేలకు ఆనుకుని ఉంటాయి కనుక కోత పళ్ళు మట్టిని రాసుకుంటూ పోవాలి. కాయలు నూర్చే డ్రమ్ము వరికి తిరిగే వేగంతో తిరిగితే గింజ పప్పయిపోతుంది. డ్రమ్ముకూ దాని కింది ఇనుప జాలీకీ నడుమనున్న ఎడమే ఇందులో కీలకం. పొద్దుటి మంచుకు కాయ మెత్తబడి ఉన్నప్పుడు ఎడం తగ్గించాలి, ఎండ ఎక్కేకొద్దీ పెంచాలి. అల్లుడు గింజను పంటి కింద పెట్టి నొక్కి చూసేవాడు. నొక్కుపడితే ఒక లెక్క, టక్కున విరిగితే ఇంకొక లెక్క. నడపడం తండ్రి ఉన్నప్పుడే వచ్చిన బావమరిదికి ఇదంతా ఓపికగా నేర్పాడు. అతడు చురుకైనవాడే. నేర్చుకుంటూనే, తన అక్కను కట్టుకున్నందుకు బావకు ఈ ఇనుప రెండో పెళ్ళాం కూడా దక్కిందని మేలమాడేవాడు.

పరీక్ష రోజున అల్లుడు పొద్దెక్కే దాకా ఆగి, ఎడం సరిచూసి, బిగించిన నట్టు పక్కన సుద్దతో గీత గీశాడు. బావమరిది క్యాబిన్ అద్దం పూర్తిగా తెరిచి పెట్టుకుని, ముఖం పాలిపోయినా ఎక్కాడు. మిషన్ కదిలింది. నాలుగు బారలు పోకముందే డ్రమ్ములో గరగర వినిపించి, గట్టు మీదున్న అల్లుడు ఆపమని తలగుడ్డ తీసి ఊపాడు.

అత్తగారు తొట్టిలో చెయ్యి పెట్టి దోసిలి పైకెత్తారు. అందులో సగానికి సగం పప్పే. ఆమె వేళ్ళ సందుల్లోంచి దాన్ని జారవిడిచారు.

అల్లుడు మిషన్ పక్కన వంగి చూశాడు. నట్టు సుద్దగీత దాటి, ఎడం తగ్గిపోయేలా కిందికి బిగిసి ఉంది. దానంతటది బిగుసుకునే నట్టు కాదది. బావమరిది అతని వెనకే వచ్చి నిలబడ్డాడు.

"నేనే బావా," అన్నాడు మెల్లగా. "నువ్వెళ్ళిపోతే ఆ తలుపు వెనక ఉండేది నేను. నాన్నకైతే నేనున్నాను. నాకెవరు తీస్తారు?"

అల్లుడికి కోపం రావలసిన చోట రాలేదు. అతడు పానా తీసి నట్టును సుద్దగీత దగ్గరకు తెచ్చి, అత్తగారి దగ్గరకు వెళ్ళి, ఎండ ఇంత చురుగ్గా ఎక్కుతుందని తాను అనుకోలేదని, సర్దడంలో పొరపాటు తనదేనని చెప్పాడు. భార్య అతని ముఖం వైపు చూసి, ఆపైన తమ్ముడి ముఖం వైపు చూసి, చెంగు నడుముకు దోపుకుని దూరంగా జరిగింది.

అప్పుడే అతని ఫోన్ మోగింది. దుమ్ము పడుతుందని ఎప్పటిలాగే దాన్ని అత్తగారి సంచిలో ఉంచాడు, ఆమే తీశారు. చేసినవాడు కార్ఖానా మేస్త్రీ. ఎల్లుండికి వస్తాడా రాడా తేల్చమని అడిగినట్టున్నాడు.

"మా అల్లుడు రాలేడండీ," అన్నారావిడ. "ఇక్కడ చెయ్యి ఖాళీ లేదు. మీరు వేరే ఎవరినైనా చూసుకోండి." ఫోన్ సంచిలో వేసి, కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "పొద్దు పోతోంది నాయనా, కానీ," అన్నారు.

ఆమె గొంతులో కాఠిన్యం లేదు. ఉంటే ఎదురు చెప్పడం సులువయ్యేది.

అల్లుడు ఎక్కలేదు. పనిముట్ల పెట్టె తెచ్చి, తలుపు లోపలి రేకు విప్పి, పాత బ్రేకు తీగ ముక్కను గడియ నాలుకకు ముడివేసి, దాని కొసకు ఒక బోల్టు తగిలించాడు. అన్నాళ్ళు ఆగిన ఆ పనికి పట్టిన సమయం ఒక భోజనపు వేళ. బావమరిదిని లోపల కూర్చోబెట్టి తలుపు వేసి, తాను దూరంగా నడిచి వెళ్ళి వీపు తిప్పి నిలబడ్డాడు. లోపల తీగ లాగిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది. చాలాసేపటికి బావమరిది కళ్ళు తుడుచుకుంటూ దిగాడు.

"వచ్చే కోతకి నేనెక్కుతాను బావా. ఈ ఒక్కటి గట్టెక్కించు."

ఒకనాడు తన తల్లి అన్నవీ అవే మాటలని అతనికి తెలియదు. అల్లుడు మెట్లెక్కాడు.

మొదటి సాలు చివర మిషన్ ఆగింది. అలవాటు చొప్పున తలుపు తీయడానికి వచ్చిన భార్య చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. అతడు తానే తీసుకుని దిగాడు.

"ఎక్కడికి?" అంది. ఆ ప్రశ్నలో ఆశ లేకపోలేదు.

అతడు రోడ్డు వైపు కాసేపు చూశాడు.

"గింజలు చూద్దామని," అన్నాడు.

మిషన్ వెనక మోకాళ్ళ మీద కూర్చుని పొట్టు చెదరగొట్టి చూశాడు. రాలినవి కొద్ది, పగిలినది ఒక్కటీ లేదు. చేతులు దులుపుకుని మళ్ళీ ఎక్కాడు. తలుపు వేయడానికి ఎవరి అవసరమూ లేకపోయింది. తానే లాగి మూసుకున్నాడు.